కొరమీను: పట్టుట, వండుట, పరీక్షించుట

మంచినీటి చేపలలో కొరమీనుకు ఉన్న గౌరవం మరే చేపకూ లేదు. తెలంగాణ పల్లెలలో దీనిని కొర్రమట్ట అంటారు. మరాఠీవారు మరళ్ అంటారు. హైదరాబాదు బజారులో తెలుగువారికైనా, ఉర్దూ మాట్లాడేవారికైనా మరెల్ అంటే చాలు, ఏ చేపో తెలిసిపోతుంది. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు చన్నా స్ట్రయేటా. తెలంగాణ రాష్ట్రం 2016లో ఈ చేపనే రాష్ట్ర చేపగా ప్రకటించింది. మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినవలెనని మన ప్రాంతంలో ఒక ఆచారం ఉన్నది. ఆ రోజున అంగడిలో మిగతా చేపలు దొరికినా దొరకకపోయినా, కొరమీను కోసం జనం బారులు తీరుతారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బస రోగులకు పంచే చేప మందులో వాడేది కూడ కొరమీను పిల్లనే.

ఇంతటి ప్రసిద్ధి గల చేపను గూర్చి మన ఇళ్ళలో ఒక నమ్మకం స్థిరపడి ఉన్నది. తొట్టిలో కొట్టుకుంటున్న చేప మంచి చేప అని పెద్దలు చెబుతారు. ప్రాణంతో ఉన్నదంటే తాజాదని, తాజాదంటే నిరపాయమైనదని భావిస్తారు. ఈ నమ్మకంలో సగం నిజం ఉన్నది. సగం ప్రమాదం ఉన్నది. ఉప్పల్, నాచారం పరిసరాలలో నివసించే విద్యార్థులు ఈ రెండు సగాలను వేరుచేసి చూడగలగాలని మా ఆశ. ఇందుకోసం ఈ చేప నిర్మాణం ఎట్టిది, దీనిని పట్టే పద్ధతులు ఏవి, వంటకు సిద్ధం చేసే విధం ఏది అన్న విషయాలను వరుసగా పరిశీలించి, చివరకు మన చెరువుల దగ్గరకు వద్దాము.

చేప నిర్మాణం

కొరమీను శరీరం పొడవుగా, గుండ్రంగా ఉంటుంది. తల చదునుగా ఉండి, పెద్ద పొలుసులతో పాము తలను తలపిస్తుంది. ఇంగ్లీషువారు ఈ జాతినంతటినీ పాముతల చేపలని పిలుచుటకు కారణం ఇదే. అంగడిలో సాధారణంగా అర కిలో నుండి కిలోకు పైబడి తూగే చేపలు వస్తాయి. అనుకూలమైన నీటిలో ఇది మీటరు పొడవు వరకు కూడ పెరగగలదు. ఇది మాంసాహారి. చిన్న చేపలు, కప్పలు, తోకకప్పలు, నీటి పురుగులు దీని ఆహారం. ఆకలి మీద ఉన్నప్పుడు తన జాతి పిల్లలను సైతం మింగుతుంది.

ఈ చేపలో అన్నిటికంటె విశేషమైనది దాని శ్వాసక్రియ. బొచ్చె, రోహు వంటి చేపలు మొప్పలతో నీటిలో కరిగిన ఆమ్లజనిని గ్రహిస్తాయి. కొరమీనుకు మొప్పలు ఉన్నవి గాని, అవి దానికి చాలవు. మొప్పలకు పైభాగంలో, తలలో ఇరువైపులా రెండు గదులు ఉన్నవి. వాటి గోడలలో సన్నని రక్తనాళాలు దట్టంగా అల్లుకొని ఉంటాయి. చేప నీటిపైకి వచ్చి, నోటితో గాలిని మింగి, ఆ గదులలో నింపుకొని, అందులోని ఆమ్లజనిని రక్తంలోనికి తీసుకుంటుంది. ఎదిగిన కొరమీనుకు ఇది తప్పనిసరి. నీటి అడుగున వల అడ్డుపెట్టి పైకి రానీయకపోతే, నీరు ఎంత స్వచ్ఛమైనదైనా ఊపిరాడక చనిపోతుంది. నీటిలో మునిగి చచ్చే చేప ఉన్నదంటే విన్నవారు నవ్వవచ్చును గాని, ఇది సత్యం.

ఈ ఏర్పాటు వల్ల చేపకు కలిగే లాభం ఎంతటిదో అంకెలలో చూడవచ్చును. మన ఊరి వేసవి ఉష్ణోగ్రతలో ఒక లీటరు మంచి చెరువు నీటిలో కరిగి ఉండగల ఆమ్లజని సుమారు 7 మిల్లీగ్రాములు. ఒక లీటరు గాలిలో ఉండే ఆమ్లజని సుమారు 250 మిల్లీగ్రాములు. అంటే మొప్పల మీద ఆధారపడిన చేప పేదవాడివలె రూపాయి రూపాయి కూడబెట్టుకుంటుండగా, కొరమీను నేరుగా ధాన్యాగారం తలుపు తీసుకొని వెళ్తున్నది. చెరువులో నీరు కుళ్ళి ఆమ్లజని అడుగంటినప్పుడు బొచ్చెలు, రోహులు తెల్లవారేసరికి వెల్లకిల తేలుతాయి. కొరమీను మాత్రం పైకి వచ్చి ఒక గుటక గాలి మింగి మళ్ళీ కిందికి పోతుంది. ఎండాకాలంలో చెరువు ఎండితే తడి బురదలో దూరి వానలకై ఎదురుచూస్తుంది. తడి గడ్డి మీద పాకుతూ ఒక గుంట నుండి మరొక గుంటకు పోగలదు. చర్మం తడిగా ఉన్నంతవరకు గంటల తరబడి గంపలోనే బతుకుతుంది. అంగడిలో దీనిని ప్రాణంతో అమ్మగలుగుటకు ఇదే మూలం.

సంతాన పోషణలో కూడ ఇది సామాన్య చేప కాదు. వానలు పడగానే జంట చేపలు ఒడ్డున గడ్డి మొలిచిన చోట కొంత మేర శుభ్రం చేసుకుంటాయి. గుడ్లు నీటిపై తేలుతాయి. పిల్లలు పొదిగి బయటకు వచ్చిన తరువాత నారింజ రంగులో గుంపుగా తిరుగుతాయి. వాటి కింద తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. చేపపిల్లకు ఈత నేర్పవలెనా అని మన సామెత. ఈత నేర్పనక్కరలేదు నిజమే; కాని కొరమీను పిల్లకు కాపలా కావలెను.

పట్టే పద్ధతులు

గంగపుత్రులు, బెస్తలు, ముదిరాజులు తరతరాలుగా మన చెరువులలో చేపలు పడుతున్నారు. వారి పద్ధతులను గమనిస్తే, ప్రతి పద్ధతి వెనుక చేప స్వభావాన్ని గూర్చిన పరిశీలన కనిపిస్తుంది.

కొరమీను గాలి కోసం పైకి వచ్చినప్పుడు నీటి మీద చిన్న సుడి, దాని వెంట ఒక బుడగ ఏర్పడుతుంది. అనుభవం గల మనిషి ఆ సుడిని చూసి, చేప పరిమాణాన్ని, అది పోయే దిక్కును అంచనా వేస్తాడు. ఇది వేటాడే చేప కాబట్టి గాలానికి సులభంగా లొంగుతుంది. చిన్న కప్పనో, వానపామునో ఎరగా గుచ్చి, గడ్డి దుబ్బుల అంచున నీటిపై కదిలిస్తే ఎగిరి పట్టుకుంటుంది. విసురువల దీనికి అంతగా పనిచేయదు. వల మీద పడగానే ఈ చేప బురదలో తల దూర్చి, వల అంచు కింది నుండి జారిపోతుంది. లేదా ఎగిరి బయట పడుతుంది. అందుకే లోతు తక్కువైన చోట ఊతను వాడుతారు. ఊత అంటే అడుగు లేని వెదురు బుట్ట. దానిని బురదలోనికి దిగేటట్లు చటుక్కున నొక్కి, పై రంధ్రం గుండా చేయి పెట్టి చేపను తీస్తారు. వేసవిలో చెరువు ఇంకిపోయినప్పుడు బురదలో చేతులతో వెదకి పట్టుట కూడ ఉన్నది.

పట్టుటలో పాటించవలసిన నియమాలు కూడ ఉన్నవి. నారింజ రంగు పిల్లల గుంపు కనిపించిన చోట గాలం వేయరాదు. అక్కడ దొరికేది కాపలా కాస్తున్న తల్లో తండ్రో అయి ఉంటుంది. ఆ ఒక్క చేపను తీసినందువల్ల పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. మందు పెట్టి పేల్చుట, నీటిలో విషం కలుపుట అన్నవి 1897 నాటి భారత మత్స్య చట్టం కిందనే నేరాలు. కరెంటు తీగలు నీటిలో వేయుట చేపలకే గాక మనుషులకు కూడ ప్రాణాంతకం.

శుభ్రం చేయుట, వండుట

కొరమీను ఒంటి నిండా జిగట ఉంటుంది. పట్టుకోబోతే జారిపోతుంది. మన ఇళ్ళలో స్త్రీలు దీనికి కనిపెట్టిన ఉపాయం కట్టెల పొయ్యి బూడిద. బూడిద పులిమితే జిగట బూడిదకు అంటుకొని వస్తుంది. చేతికి పట్టు దొరుకుతుంది. బూడిద లేని ఇళ్ళలో రాళ్ళ ఉప్పు వాడవచ్చును. తరువాత గరుకు బండ మీద రుద్ది పొలుసు తీస్తారు. పొట్టను నిలువునా చీల్చి పేగులు తీసేటప్పుడు కార్జానికి అంటుకొని ఉన్న ఆకుపచ్చని పిత్తపు తిత్తి చితకకుండా చూడాలి. అది చిట్లితే మాంసమంతా చేదవుతుంది. మొప్పలను పూర్తిగా తీసివేయాలి. తలను రెండుగా చీల్చి లోపలి నెత్తురు కడగాలి. ముక్కలకు ఉప్పు, పసుపు రాచి, నిమ్మరసం గాని మజ్జిగ గాని కలిపి కొంతసేపు ఉంచి, రెండు మూడు నీళ్ళు మార్చి కడిగితే నీచు వాసన పోతుంది.

పులుసు పెట్టుటకు మట్టికుండ మేలు. తెలంగాణ ఇళ్ళలో ఉల్లిగడ్డలను కాల్చి నూరి, ధనియాలు, కొద్దిగా మెంతులు, ఎండుకొబ్బరి, నువ్వులు వేయించి పొడి చేసి, చింతపండు పులుసులో కలుపుతారు. పులుసు బాగా మరిగిన తరువాతనే ముక్కలు వేయాలి. ముక్కలు వేసిన తరువాత గరిటె పెట్టరాదు. కుండ అంచులు పట్టుకొని మెల్లగా తిప్పాలి. ముస్లిముల ఇళ్ళలో చేసే మఛ్లీ సాలన్‌లో కూడ చింతపండు, నువ్వులే ప్రధానం. మసాలా పాళ్ళు మారుతాయి గాని, వంట ధర్మం ఒకటే. ఏ ఇంటిలోనైనా రాత్రి వండిన పులుసు మరునాడు ఎక్కువ రుచిగా ఉంటుందని చెబుతారు. రాత్రి గడిచేసరికి ముక్క లోపలి దాకా పులుపు, ఉప్పు పడుతాయి.

100 గ్రాముల కొరమీను మాంసంలో సుమారు 16 నుండి 20 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి. కొవ్వు స్వల్పం. ముళ్ళు తక్కువ. రోగం నుండి కోలుకుంటున్న వారికి మన పెద్దలు ఈ చేపనే పెట్టుటకు ఇవే కారణాలు. మలేషియా దేశంలో కూడ శస్త్రచికిత్స జరిగినవారికి ఈ చేపను వండి పెట్టే ఆచారం ఉన్నది.

వంట గూర్చి ఒక ఆరోగ్య సూత్రం ఇక్కడ చెప్పవలసి ఉన్నది. పాముతల చేపల మాంసంలో గ్నాథోస్టోమా అనే సూక్ష్మమైన పురుగు పిల్ల ఉండవచ్చును. థాయిలాండ్ వంటి దేశాలలో ఈ చేపలను పచ్చిగా, లేదా సగం ఉడికించి తినేవారికి ఆ పురుగు వల్ల వ్యాధి కలుగుతున్నది. మనవలె పులుసులో బాగా ఉడికిస్తే అది చనిపోతుంది. నీటిలోని సూక్ష్మజీవులు కూడ నిప్పుకు లొంగుతాయి. ఇంతవరకు మన వంటిల్లు మనలను కాపాడుతున్నది. వంటింటి శక్తికి ఒక హద్దు ఉన్నదని గ్రహించుటకు మంచినీటిని విడిచి ఒకసారి సముద్రం వైపు చూడాలి.

సముద్రం నుండి ఒక పోలిక

వెచ్చని సముద్రాలలో, బండరాళ్ళు, పగడపు దిబ్బలు ఉన్న చోట ట్రిగ్గర్ చేపలని ఒక కుటుంబం నివసిస్తున్నది. ఇందులో సుమారు 40 జాతులు ఉన్నవి. కొన్ని జాతులు మన బంగాళాఖాతంలో కూడ ఉన్నవి. ఈ చేప వీపు మీద మొదటి ముల్లు బలమైనది. దాని వెనుక ఉన్న చిన్న ముల్లు గొళ్ళెం వలె పనిచేసి పెద్ద ముల్లును నిలబెట్టి బిగిస్తుంది. ఆపద వచ్చినప్పుడు చేప రాతి సందులో దూరి ముల్లు లేపితే ఎవరూ బయటకు లాగలేరు. చిన్న ముల్లును నొక్కితే పెద్ద ముల్లు దిగిపోతుంది. తుపాకీ మీటను నొక్కినట్లు ఉండుట చేత దానికి ఆ పేరు వచ్చింది. నోరు చిన్నది, దవడలు బలమైనవి. గాలానికి పెట్టిన ఎరను కొరికి దొంగిలించుటలో నేర్పరి. కాబట్టి దీనిని పట్టేవారు చిన్న గాలాన్ని, గట్టి ఎరను వాడుతారు. చర్మం తోలు వలె మందంగా ఉంటుంది గనుక పొలుసు గీకుట కుదరదు; పదునైన కత్తితో తోలంతా ఒలిచి, లోపలి తెల్లని మాంసాన్ని వండుతారు.

ముల్లు, తోలు కంటికి కనిపించే అడ్డంకులు. కత్తి పట్టిన మనిషి వాటిని జయిస్తాడు. కాని పగడపు దిబ్బల వద్ద తిరిగే కొన్ని పెద్ద ట్రిగ్గర్ చేపలలో సిగ్వాటెరా అనే విషం చేరుతుంది. ఒక విధమైన సూక్ష్మ సముద్ర నాచులో అది పుడుతుంది. నాచును తిన్న జీవి నుండి దానిని తిన్న చేపకు, ఆ చేప నుండి మరింత పెద్ద చేపకు చేరుతూ పేరుకుపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఉడికించినా, వేయించినా, ఉప్పు పెట్టినా పోదు. చేప ఆరోగ్యంగా ఈదుతూనే ఉంటుంది. తిన్నవాడు జబ్బు పడుతాడు.

జపాన్ దేశంలోని మినమాటా పట్టణం వారు నేర్చుకున్న పాఠం ఇంకా కఠినమైనది. అక్కడ ఒక రసాయన కర్మాగారం పాదరసంతో కూడిన వ్యర్థజలాన్ని సముద్రపు అఖాతంలోనికి వదిలింది. ఆ చేపలను తిన్న పిల్లులు పిచ్చెత్తినట్లు ఎగిరి పడి చచ్చినవి. ఆ చేపలనే తిన్న మనుషుల నరాలు దెబ్బతిన్నవి. 1956లో ఆ వ్యాధిని అధికారికంగా గుర్తించారు. అక్కడి ప్రజలు తిన్నది కుళ్ళిన చేపలు కావు, అప్పుడే పట్టిన తాజా చేపలు. పాదరసాన్ని అదుపు చేసే ఉద్దేశంతో 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందానికి ఆ పట్టణం పేరే పెట్టారు. భారతదేశం 2018లో ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించింది.

మన చెరువులు

ఇప్పుడు మన ఇంటి వాకిలికి వద్దాము. ఉప్పల్‌లో నల్ల చెరువు ఉన్నది. నాచారంలో పెద్ద చెరువు ఉన్నది. దక్షిణాన మూసీ నది ప్రవహిస్తున్నది. వాన నీరు పల్లం వెంట చెరువుల గుండా నదికి చేరుట ఈ నేల స్వభావం. ఊరు పెరిగిన కొద్దీ వాన నీటి వెంట ఇళ్ళ మురుగు కూడ అదే దారి పట్టింది. మూసీ శుద్ధి పథకం కింద నల్ల చెరువు వద్ద దినానికి 3 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాన్ని నిర్మించవలసి వచ్చుటయే ఇందుకు సాక్ష్యం. నాచారంలో పారిశ్రామిక వాడ ఉన్నది. ఎందరో కార్మిక కుటుంబాలకు అది అన్నం పెడుతున్నది. మా మాటలను ఏ ఒక్క కర్మాగారం మీద నిందగా గాని, చెరువు మీద బతికే మత్స్యకారుల మీద ఆక్షేపణగా గాని ఎవరూ భావించరాదు. నీరు చెడితే మొదట నష్టపోయేది ఆ మత్స్యకారుడే.

ఇళ్ళ మురుగు చెరువులో చేరితే దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆమ్లజనిని ఖర్చు చేస్తాయి. మొప్పల చేపలు చనిపోతాయి. గాలి మింగే కొరమీను, మార్పు మొదలైన చేపలు మిగులుతాయి. పరిశ్రమల వ్యర్థజలం చేరితే సీసం, కాడ్మియం, పాదరసం వంటి భార లోహాలు అడుగు బురదలో దిగుతాయి. మురుగు శుద్ధి కేంద్రాలు ప్రధానంగా కుళ్ళే పదార్థాల కోసం ఉద్దేశించినవి. లోహాలను తొలగించుట వాటి ముఖ్యమైన పని కాదు. హైదరాబాదుకు సంబంధించినంతవరకు ఇది ఊహాగానం కాదు. మన ఉప్పల్ రోడ్డు మీదనే ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక వాడల మట్టిని పరిశీలించి, అందులో భార లోహాలు పేరుకున్న సంగతిని ప్రకటించారు.

బురదలో పురుగులు తింటాయి. పురుగులను చిన్న చేపలు తింటాయి. చిన్న చేపలను కొరమీను తింటుంది. గొలుసు చివర ఉన్న వేట చేపకు పాదరసం వంటి విషంలో పెద్ద వాటా చేరుతుంది. లోహాలు ముఖ్యంగా కార్జంలోను, మూత్రపిండాలలోను, మొప్పలలోను నిలుస్తాయి. పాదరసం మాంసంలో కూడ నిలుస్తుంది. ఉప్పు, పసుపు, చింతపండు, మూడు నీళ్ళు, గంటసేపు నిప్పు – ఇవేవీ లోహాన్ని కరిగించి బయటకు పంపలేవు. చేప మాంసంలో సీసం కిలోకు 0.3 మిల్లీగ్రాములకు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు నిర్ణయించినవి. ఇంత స్వల్ప పరిమాణాన్ని నాలుక కనిపెట్టలేదు.

ఇప్పుడు మన పాత నమ్మకాన్ని మళ్ళీ పరిశీలించండి. తొట్టిలో కొట్టుకుంటున్న బొచ్చె తన నీటిని గూర్చి కొంత సాక్ష్యం చెబుతుంది. ఆమ్లజని లేని నీటిలో అది బతకలేదు. తొట్టిలో కొట్టుకుంటున్న కొరమీను తాను తాజాగా ఉన్నానని మాత్రమే చెబుతుంది. తాను పెరిగిన నీటిని గూర్చి ఒక్క మాట కూడ చెప్పదు. కొరమీను బతికి ఉండుట చెరువు బతికి ఉన్నదనుటకు సాక్ష్యం కాదు. మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే. మంచి నీరు గల చెరువుల నుండి, శుభ్రమైన నీటితో పెంచే గుంటల నుండి వచ్చే కొరమీను నిస్సందేహంగా ఉత్తమాహారం. కాబట్టి కొనేవాడు చేపను చూసి ఊరుకొనక, ఇది ఏ నీటి చేప అని అడుగవలెను. మురుగు చేరే చెరువు చేప అయితే, ఎంత చవకైనా, వారం వారం పిల్లలకు, గర్భిణులకు పెట్టరాదు. అటువంటి చేప కార్జం, గుడ్ల సంచి, మొప్పలు ఎవరూ తినరాదు.

హలాల్, తయ్యిబ్

మన కళాశాలలో వివిధ మతాల విద్యార్థులు చదువుతున్నారు. చేప విషయంలో ఇస్లాం ధర్మశాస్త్రం చెప్పిన ఒక మాట అందరికీ ఆలోచనీయమైనది. చేపకు జబహ్ అవసరం లేదని అందరికీ తెలుసు. అయితే బాహ్య కారణం ఏదీ లేకుండ తనంతట తాను చచ్చి నీటిపై తేలిన చేపను తినరాదని హనఫీ శాస్త్రకారులు నిర్ణయించారు. దానిని తాఫీ అంటారు. మన తెలుగు పల్లెలలో పెద్దలు కూడ తేలిన చేపను ముట్టవద్దనే చెబుతారు. రెండు సంప్రదాయాలు ఒకే తీర్పు చెప్పుట గమనించదగినది. కుళ్ళిన నీటిలో తేలే బొచ్చెను, రోహును ఈ నియమం మన పళ్ళెంలోనికి రానీయలేదు.

అదే కుళ్ళిన నీటిలో కొరమీను తేలదు. ఆ నియమం దానిని ఆపలేదు. ఇక్కడ ఖురాన్ హలాల్ అన్న మాటకు జతచేసిన తయ్యిబ్ అన్న మాట మనకు దారి చూపుతుంది. తయ్యిబ్ అంటే శుద్ధమైనది, మేలైనది. తినుటకు అనుమతి ఉన్నదా అన్నది ఒక ప్రశ్న. తింటే మేలు కలుగుతుందా అన్నది మరొక ప్రశ్న. మొదటి దానికి ధర్మశాస్త్రం తెలిసినవారు సమాధానం చెబుతారు. రెండవ దానికి సమాధానం చెప్పవలసిన బాధ్యతలో మన ప్రయోగశాలకు కూడ వాటా ఉన్నది.

మన కళాశాల చేయదగిన పని

నీటిలో కరిగిన ఆమ్లజనిని కొలుచుటకు వింక్లర్ 1888లో కనిపెట్టిన పద్ధతి నేటికీ కళాశాలలలో బోధిస్తున్నారు. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను గాలి బుడగ లేకుండ చెరువు నీటితో నింపి, మాంగనస్ సల్ఫేటు ద్రావణం 2 మిల్లీలీటర్లు, క్షారయుత అయొడైడు ద్రావణం 2 మిల్లీలీటర్లు చేర్చి మూత బిగించి తిప్పాలి. గోధుమ రంగు మడ్డి దిగితే ఆమ్లజని ఉన్నట్లు. తెల్లని మడ్డి దిగితే లేనట్లు. తరువాత అధ్యాపకుల సమక్షంలో గాఢ గంధకామ్లం 2 మిల్లీలీటర్లు జాగ్రత్తగా చేర్చి మడ్డిని కరిగించాలి. అందులో 200 మిల్లీలీటర్లు తీసుకొని, గంజి ద్రావణం సూచికగా, 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేటుతో అంశమాపనం చేస్తే, ఖర్చయిన ఒక్కొక్క మిల్లీలీటరు లీటరు నీటిలోని ఒక్కొక్క మిల్లీగ్రాము ఆమ్లజనికి సమానం.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పచ్చని నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం వేళ ఆమ్లజని ఎక్కువగా కనిపిస్తుంది. పగటి వెలుతురులో నాచు దానిని తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు ఆమ్లజనిని ఖర్చు చేస్తుంది. కాబట్టి సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీరు తీసుకొని రెండు అంకెలనూ నమోదు చేయాలి. తెల్లవారుజామున 2 మిల్లీగ్రాములకు తక్కువ ఉంటే, ఆ నీటిలో బొచ్చె, రోహు నిలువవు. కొరమీను మాత్రమే నిలుస్తుంది. అటువంటి చెరువు చేపను గూర్చి ఇరుగుపొరుగును హెచ్చరించుటకు ఆ అంకె చాలును.

భార లోహాలను కొలుచుటకు ఖరీదైన యంత్రాలు కావాలి. సామాన్య కళాశాల వాటిని భరించలేదు. అయితే మన అదృష్టం కొద్దీ 1961లో స్థాపితమైన భూభౌతిక పరిశోధనా సంస్థ, 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మనకు సైకిలు మీద పోగలిగినంత దూరంలో ఉన్నవి. విద్యార్థి ఒక్కడే పోయి అడిగితే కాని పని కళాశాల పాలకవర్గం వారి లేఖతో కావచ్చును.

కాబట్టి పాలకవర్గం వారికి మా విన్నపం ఇది. జంతుశాస్త్ర, రసాయనశాస్త్ర శాఖల విద్యార్థులు కలిసి నెలకు ఒకసారి నల్ల చెరువు, నాచారం పెద్ద చెరువు నీటిని పరీక్షించుటకు అనుమతి, పది గాజు సీసాలు, కావలసిన రసాయనాలు ఇప్పించవలెను. ఏడాదికి రెండుసార్లు ఆ చెరువుల కొరమీనులను, అడుగు బురదను పరిశోధనా సంస్థలకు పంపి లోహాల లెక్క తెప్పించవలెను. పన్నెండు నెలల అంకెలను ఇదే సంచికలో తెలుగు విభాగంలోను, ఉర్దూ విభాగంలోను పక్కపక్కనే ప్రకటించవలెను. చెరువు గట్టున చేపలు కొనే తల్లికి ఆ రెండు భాషలలో ఏదో ఒకటి తప్పక వచ్చి ఉంటుంది.

విద్యార్థి మిత్రులు అంతవరకు ఆగనక్కరలేదు. ఈసారి మృగశిర కార్తెకు అంగడికి పోయినప్పుడు చేప కదులుతున్నదా అని మాత్రమే చూడక, ఏ చెరువుదని అడగండి. అమ్మే మనిషికి ఆ సంగతి తెలిసి ఉంటుంది. పదిమంది అడిగితే, పదకొండవ మనిషి అడుగక ముందే అతడే చెబుతాడు.